వెంట్రుక వాసి

బాలరాట్‌లో జూన్ ఆదివారం.
రేకుల షెడ్డులో పొగంతా మా నోళ్లదే,
ఇంజన్ ఇంకా మొదలు కాలేదు.

ఎరోల్ ప్రిచర్డ్ బల్ల మీద అద్దం పరిచాడు,
అద్దం మీద గరుకు కాగితం,
కాగితం మీద నాలుగు చుక్కల కిరసనాయిలు.
"ఎనిమిది అంకె వేస్తూ రుద్దు. నొక్కకు."
గడ్డికోత మిషన్ నుంచి ఊడదీసిన సిలిండర్ హెడ్
నా అరచేతిలో అప్పచ్చి అంత ఉంది.
నలభై మూడేళ్లకి ఎనిమిది దిద్దడం మళ్లీ నేర్చుకున్నాను.
బూడిదరంగు అల్యూమినియం బురద
కాగితం మీద, గోళ్లలో,
రాత్రి బేకరీ షిఫ్టులో చేతి తొడుగుల లోపల కూడా.

"ఎంత తీయాలి?"
"వెంట్రుక వాసి."
"ఎవరి వెంట్రుక?"
నా జడ వంక చూసి, బట్టతల తడుముకుని
"నాదైతే ఇంకా మంచిది" అన్నాడు.

నాలుగడుగుల్లో ఒక్కటే సంపాదించేది.
పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం;
మండినప్పుడే దానికి బలం.
మిగతా మూడడుగులూ
ఆ బరువు చక్రం అప్పు మీద నడిపిస్తుంది.
పుస్తకంలో చదివితే ఎక్కలేదు.
జీతం గురువారం నుంచి జీతం గురువారం దాకా
ఇల్లు లాగే దాన్ని,
ఫ్లైవీల్ చేత్తో తిప్పి చూస్తే ఎక్కింది.

మొదటి ఇంజన్ని నేనే చంపాను.
బలం కావాలనిపించింది, అంతే.
గవర్నర్ పీకేశాను.
లోపల చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం అది,
చాలు చాలు అనడమే దాని ఉద్యోగం.
జెట్ రంధ్రం పెంచాను.
ఫ్లైవీల్ కీ అంచు అరగదీసి
నిప్పురవ్వని కాస్త ముందుగా పిలిచాను.
అది అరిచింది.
రేకులు, గోడకి వేలాడే పానాలు,
ఎరోల్ ముక్కు మీది కళ్లద్దాలు,
అన్నీ అరిచాయి.
పదకొండు సెకన్లు నేను రాణిని.
పన్నెండో సెకనులో కనెక్టింగ్ రాడ్
ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొచ్చి
అతని టీ కప్పు పక్కన పడింది.

కోప్పడలేదు.
ముక్కని చల్లారనిచ్చి
కిటికీ గట్టు మీద పెట్టాడు.
అక్కడ అప్పటికే మూడున్నాయి.
"అవి నావి" అన్నాడు.

రెండోదానికి తొందర పడలేదు.
వాల్వు అంచుకి పేస్టు రాసి
కర్రకి బిగించిన రబ్బరు కప్పుతో
రెండు చేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పాం,
మసక ఉంగరం ఎక్కడా తెగకుండా వచ్చేదాకా.
గాలి దారిలో పోత గట్లు గీకాం,
అద్దంలా మాత్రం చేయలేదు.
"కాస్త గరుకుంటేనే పెట్రోలు గాలిలో కలుస్తుంది,
మరీ నున్నగా ఉంటే గోడకే అంటుకుపోతుంది."
మా ఆడపడుచు గుర్తొచ్చి నవ్వాను.
ఎందుకని అడిగాడు, చెప్పలేదు.
గవర్నర్ని మళ్లీ కూర్చోబెట్టాను,
నా చేత్తోనే.

కొలత ఎప్పుడూ ఒకటే.
సెకండ్‌హ్యాండ్ కొట్లో కొన్న పాలసీసాలో
వంద మిల్లీలీటర్ల పెట్రోలు.
తొట్టి నీళ్లు తొట్టిలోకే తోడిపోసే పాత పంపు.
రుద్దక ముందు పద్నాలుగు నిమిషాలు.
ఇప్పుడు పదిహేను దాటింది.
మేం మాట్లాడుకోలేదు.
పదహారు. ఇంకో పది సెకన్లు.
ఒకసారి దగ్గి ఆగింది.

ప్లగ్గు విప్పాం.
నలుపు కాదు, తెలుపూ కాదు,
చిక్కటి పాలు పోసిన టీ రంగు.
ఎరోల్ సుద్దముక్కతో తలుపు మీద తేదీ రాశాడు,
టైము రాశాడు,
వకుళ అని రాయబోయి అక్షరాలడిగాడు.
ఒక్కొక్కటే చెప్పాను.

రెండు నిమిషాల పది సెకన్లు.
ఏడు ఆదివారాలకి.

సోమవారం రాత్రి
రొట్టెల బెల్టు మోటారు పక్కన
చెవి పెట్టి నిలబడ్డాను.
లోపల ఎక్కడో బేరింగు ఎండిపోయింది.
సూపర్‌వైజర్‌కి చెప్పాను,
నన్నొకసారి, నా గోళ్లనొకసారి చూసి వెళ్లిపోయాడు.

బుధవారం అదే ఆగింది.